క్యాన్సర్ ఇమ్యునోథెరపీ పరిశోధకుల పేపర్లు, సైటేషన్లు ఎలా చదవాలి?

పోయిన ఏడాది ఒక రాత్రి పదకొండు దాటాక మా పిన్ని కొడుకు ఫోన్ చేశాడు. వాళ్ల మామగారికి ఊపిరితిత్తుల క్యాన్సర్ అని తేలి అప్పటికి పది రోజులు. “అన్నయ్యా, ఇమ్యునోథెరపీకి నోబెల్ వచ్చినాయన అమెరికాలో ఉన్నాడు, జేమ్స్ ఆలిసన్ అని. ఆయన పేపర్లకు వేలకు వేలు సైటేషన్లు ఉన్నాయి. రిపోర్టులు పంపిస్తే చూస్తాడంటావా?” అన్నాడు. ఇమ్యునోథెరపీ అంటే మన ఒంట్లోని రోగనిరోధక శక్తితోనే క్యాన్సర్‌ను ఎదుర్కొనే చికిత్స. ఆలిసన్ పీహెచ్‌డీ చేసిన శాస్త్రవేత్త, రోగులకు మందు రాసే వైద్యుడు కాదు. ఆ మాట చెప్పడానికి నాకు కాసేపు నోరు రాలేదు.

పరిశోధక విద్యార్థులకు పేపర్లు వెతకడం నేర్పించడమే నా ఉద్యోగం. ఏ ల్యాబ్‌లో చేరాలా అని చూసే ఎమ్మెస్సీ పిల్లలూ, ఇంట్లో మనిషికి జబ్బు చేసి రాత్రంతా ఫోన్‌లో వెతికే వాళ్లూ సైటేషన్ల అంకె (ఒక పేపరును ఇతర పేపర్లు ఎన్నిసార్లు ఉటంకించాయన్న లెక్క) ముందు ఆగిపోవడం చాలాసార్లు చూశాను. ఆ అంకె ఏం చెబుతుంది, ఏం చెప్పదు అన్నది ఆలిసన్ పనినే ఉదాహరణగా తీసుకుని అంచెలంచెలుగా రాస్తున్నాను. ఒక పెన్ను, కాగితం దగ్గర పెట్టుకోండి.

1. ముందు మీ ప్రశ్న కాగితం మీద రాసుకోండి

“ఈయన గొప్పవాడా?” అని రాస్తే ఏ డేటాబేసూ జవాబివ్వదు. “ఈ ల్యాబ్‌లో గత ఐదేళ్లలో విద్యార్థులు మొదటి పేరుగా పేపర్లు రాశారా?”, “ఈ మందు వెనక ఉన్న అసలు ప్రయోగం ఎవరిది?”, “ఈ డాక్టరు మా జబ్బు మీద ట్రయల్స్ (మనుషుల మీద మందుల పరీక్షలు) నడిపారా?” ఇలా రాయండి. కింద చెప్పే పనుల్లో ఏది ముఖ్యమో, ఏది వదిలేయవచ్చో ఆ ప్రశ్నే తేలుస్తుంది.

2. మనిషి ఒక్కడేనా, నలుగురా తేల్చండి

అందరూ దాటేసే అంచె ఇదే, ఎక్కువ తప్పులు జరిగేదీ ఇక్కడే. పబ్‌మెడ్ (వైద్య పేపర్లు వెతికే ఉచిత వెబ్‌సైట్) తెరిచి ఇంగ్లిష్ అక్షరాల్లో ఇంటిపేరు, పొడి అక్షరాలు కొట్టి, పక్కన చదరపు బ్రాకెట్లలో ‘ఏయూ’ అని చేర్చండి. అప్పుడు రచయిత పేర్లలో మాత్రమే వెతుకుతుంది. ‘ఆలిసన్ జేపీ’ అని కొడితే మనకు కావలసినాయనతో పాటు అవే పొడి అక్షరాలున్న వేరేవాళ్ల పేపర్లూ రావచ్చు. ఒక్కో పేపరు కింద ఉన్న సంస్థ పేరు చూసి ఏరుకోవాలి. ఆలిసన్ 1990లలో బర్క్‌లీలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో ఉన్నారు, 2004లో న్యూయార్క్‌లోని మెమోరియల్ స్లోన్ కెటరింగ్‌కు, 2012లో హ్యూస్టన్‌లోని ఎమ్‌డీ ఆండర్సన్‌కు వెళ్లారు. ఏ ఏడాది ఎక్కడున్నారో తెలిస్తే ఏది ఆయనదో తేలిపోతుంది.

మన పేర్లకు ఈ బాధ ఇంకా ఎక్కువ. మనం ఇంటిపేరు ముందు రాస్తాం, జర్నల్ వాళ్లు చివరి మాటే ఇంటిపేరనుకుంటారు. దాంతో రెడ్డి, రావు, కుమార్ అనే మాటలు ఇంటిపేర్లయిపోయి అసలు ఇంటిపేరు ఒక్క పొడి అక్షరంగా మిగులుతుంది. ఒకే మనిషి ఒక పేపర్లో ‘రావు ఎస్’గా, ఇంకో పేపర్లో ఇంటిపేరుతో, పెళ్లయ్యాక మరో పేరుతో కనిపించవచ్చు. తెలుగు పరిశోధకుల కోసం వెతికేటప్పుడు ఓర్కిడ్ నంబరు ఉందేమో ముందు చూడండి. 2012లో మొదలైన ఈ పదహారు అంకెల గుర్తింపు పేరు మారినా మారదు. మీరే పరిశోధనలోకి వస్తున్నట్టయితే మొదటి పేపరు పంపే ముందే అది తీసుకోండి, పైసా ఖర్చు లేదు.

3. ఒకే మనిషికి మూడు అంకెలు ఎందుకు వస్తాయి

గూగుల్ స్కాలర్, స్కోపస్, వెబ్ ఆఫ్ సైన్స్ మూడూ సైటేషన్లు లెక్కపెడతాయి, మూడూ వేరు వేరు అంకెలు చూపిస్తాయి. స్కాలర్ థీసిస్‌లు, ప్రీప్రింట్లు (జర్నల్ పరిశీలనకు ముందే బయటపెట్టిన పేపర్లు), పుస్తకాలు కూడా కలుపుకుంటుంది కాబట్టి దాని అంకె మామూలుగా పెద్దదిగా ఉంటుంది. మిగతా రెండూ తాము ఎంచుకున్న జర్నళ్లనే లెక్కిస్తాయి. స్కోపస్‌కు చందా కట్టకపోయినా స్కోపస్ ప్రివ్యూలో రచయిత పేజీ ఉచితంగా చూడవచ్చు. ఇద్దరిని పోల్చాలంటే ఇద్దరికీ ఒకే చోటి అంకె, ఒకే రోజున తీసుకోండి. తేదీ పక్కన రాసుకోండి.

ఇంకో మాట. స్కాలర్ ప్రొఫైల్‌ను ఆ పరిశోధకుడే తెరుచుకోవాలి. కొందరు పెద్ద శాస్త్రవేత్తలకు ప్రొఫైలే ఉండదు, అంతమాత్రాన వాళ్లను ఎవరూ ఉటంకించలేదని కాదు. ఉన్న ప్రొఫైల్‌లోకి కూడా అదే పేరున్న వేరేవాళ్ల పేపర్లు వచ్చి చేరుతుంటాయి.

4. హెచ్-ఇండెక్స్‌ను ఒక్కసారైనా చేత్తో కట్టండి

2005లో హోర్హే హిర్ష్ అనే భౌతిక శాస్త్రవేత్త ప్రతిపాదించిన లెక్క ఇది. పేపర్లను సైటేషన్లు ఎక్కువ ఉన్నదాని నుంచి కిందికి పేర్చండి. ఎన్నో పేపరుకు కనీసం అన్ని సైటేషన్లు ఉన్నంత వరకు లెక్కపెట్టుకుంటూ దిగండి. ఒకరికి 50, 18, 7, 5, 4, 2 ఉన్నాయనుకోండి. నాలుగో పేపరుకు 5 ఉన్నాయి, నాలుగు కంటే తక్కువ కాదు, సరే. ఐదో పేపరుకు 4 ఉన్నాయి, ఐదు కంటే తక్కువ, అక్కడ ఆగాలి. హెచ్-ఇండెక్స్ 4. ఇప్పుడు ఆ 50ని కొట్టేసి 9,000 రాయండి. మళ్లీ కట్టండి. నాలుగే వస్తుంది.

క్యాన్సర్ వైద్యాన్ని మలుపు తిప్పిన ఒకే ఒక్క పేపరు రాసిన మనిషిని ఈ లెక్క పట్టుకోలేదు. పైగా వయసుతో పాటు పెరగడమే తప్ప తగ్గడం దీనికి తెలియదు. ముప్పై ఏళ్ల యువ శాస్త్రవేత్తను, డెబ్బై ఏళ్ల ఆచార్యుణ్ణి దీనితో పోల్చడం అన్యాయం. నియామకాల్లో ఇలా పోల్చడం నేను చూశాను, చూసిన ప్రతిసారీ మనసు కష్టపడింది.

5. పేపర్లను కుప్పలుగా విడదీయండి

పబ్‌మెడ్‌లో ఎడమ పక్క పేపరు రకాన్ని బట్టి వడకట్టే గడులు ఉంటాయి. రివ్యూలు ఒక కుప్ప, క్లినికల్ ట్రయల్స్ ఒక కుప్ప, మిగిలిన ప్రయోగాల పేపర్లు ఒక కుప్పగా విడదీయండి. మూడింటికీ సైటేషన్లు వచ్చే దారులు వేరు.

రివ్యూ అంటే ఇతరులు చేసిన పనిని ఒకచోట కూర్చి చెప్పే వ్యాసం. పేపరు మొదట్లో నాలుగు మాటల నేపథ్యం రాసే ప్రతివాళ్లూ దాన్నే ఉటంకిస్తారు. 2011లో డగ్లస్ హనహాన్, రాబర్ట్ వైన్‌బర్గ్ ‘సెల్’ జర్నల్‌లో క్యాన్సర్ లక్షణాల మీద రాసిన రివ్యూకు సైటేషన్లు పదివేలల్లో ఉన్నాయి. అది నిజంగా గొప్ప రివ్యూ. అయినా దాని సైటేషన్లను ఒక ప్రయోగానికి వచ్చిన సైటేషన్లతో ఒకే తక్కెడలో తూచకూడదు. జర్నల్ ఇంపాక్ట్ ఫ్యాక్టర్ (ఆ జర్నల్ పేపర్లకు సగటున వచ్చే సైటేషన్ల లెక్క) సంగతీ ఇంతే. ‘సీఏ: ఎ క్యాన్సర్ జర్నల్ ఫర్ క్లినీషియన్స్’ ఇంపాక్ట్ ఫ్యాక్టర్ వందల్లో ఉండటానికి పెద్ద కారణం, అది ఏటా అచ్చువేసే క్యాన్సర్ గణాంకాలను ప్రపంచమంతా ఉటంకించడం.

ట్రయల్ పేపర్ల మీద ఇరవై, ముప్పై పేర్లు ఉంటాయి. వాళ్లలో ప్రతి ఒక్కరి ఖాతాలోనూ మొత్తం సైటేషన్లు పడతాయి. అందుకని పేరు ఎక్కడుందో చూడండి. జీవశాస్త్రాల్లో సాధారణంగా చేతులారా పని చేసినవాళ్ల పేరు మొదట, ల్యాబ్ పెద్ద పేరు చివర ఉంటుంది. ట్రయల్స్‌లో మధ్యలో ఉన్న పేరు చాలాసార్లు తన ఆసుపత్రి రోగులను ట్రయల్‌లో చేర్చిన వైద్యులది. అదీ విలువైన పనే, కానీ ఆలోచన వాళ్లదని అనుకోకండి. స్కోపస్‌లో స్వీయ సైటేషన్లు తీసేసి చూసే వీలుంది, అదీ ఒకసారి నొక్కి చూడండి.

6. ఒక మూల పేపరు తీసి పూర్తిగా చదవండి

ఇక్కడ తొందరపడొద్దు. మిగతా అంచెలన్నీ ఒక గంటలో అయిపోతాయి, దీనికి ఒక ఆదివారం ఇవ్వండి.

ఆలిసన్ పేపర్లలో నేను పిల్లల చేతికిచ్చేది 1996 మార్చిలో ‘సైన్స్’లో వచ్చినది. రచయితలు ముగ్గురే: డేనా లీచ్, మాథ్యూ క్రమ్మెల్, చివర ఆలిసన్. పేపరు నిడివి మూడు పేజీలు. ఇందులో చెప్పింది ఇది. మన టీ కణాల (జబ్బుతో పోరాడే ఒక రకం తెల్ల రక్తకణాల) మీద సీటీఎల్‌ఏ-4 అనే ప్రొటీన్ ఒకటి బ్రేకులా పనిచేస్తుంది. ఆ బ్రేకును యాంటీబాడీతో (దానికి అతుక్కునే ప్రొటీన్‌తో) అడ్డుకుంటే ఎలుకల్లో కణితులు కరిగాయి, అప్పటికే నాటుకున్న కణితులు కూడా. అలా బయటపడిన ఎలుకలకు మళ్లీ అవే క్యాన్సర్ కణాలు ఎక్కిస్తే వాటి ఒళ్లు తిప్పికొట్టింది.

చదివేటప్పుడు వేలు పెట్టి చూడాల్సింది బొమ్మలను. అడ్డంగా రోజులు, నిలువుగా కణితి పరిమాణం. మందు లేని ఎలుకల గీత పైకి పోతుంది, మందు ఇచ్చిన వాటి గీత నేలకు దిగుతుంది. పోలిక గుంపు ఉందా, ఎన్ని ఎలుకలు, ఎన్నిసార్లు చేశారు అన్నవి బొమ్మ కింది సన్నక్షరాల్లోనే ఉంటాయి. మొదటి ప్రయోగం 1994 చివర్లో జరిగింది, ఫలితం చూసి ఆగలేక క్రిస్మస్ సెలవుల్లోనే మళ్లీ చేశారని నోబెల్ కమిటీ ప్రకటనలో ఉంది. సైటేషన్ అంకెలో ఆ రెండోసారి కనబడదు. నాకు మాత్రం ఆ పేపరు విలువంతా ఆ రెండోసారిలోనే ఉందనిపిస్తుంది.

తర్వాత వెనక్కి వెళ్లండి, అంటే ఈ పేపరు ఎవరిని ఉటంకించిందో చూడండి. సీటీఎల్‌ఏ-4ను 1987లో ఫ్రాన్స్‌లో పియరీ గోల్స్టీన్ బృందం బయటపెట్టింది. అది టీ కణాలను రెచ్చగొడుతుందా, ఆపుతుందా అని కొన్నేళ్లు వాదన నడిచింది. ఆపుతుందని తేల్చినవాళ్లలో ఆలిసన్ ల్యాబ్‌తో పాటు జెఫ్రీ బ్లూస్టోన్ ల్యాబ్ కూడా ఉంది. 1995లో టాక్ మాక్, ఆర్లీన్ షార్ప్ ల్యాబ్‌లు విడివిడిగా ఆ జన్యువు తీసేసిన ఎలుకలను పెంచితే, అదుపు తప్పిన టీ కణాలతో అవి కొన్ని వారాలకే చనిపోయాయి. ఒక మనిషి పేరు మీద మనం చదివే అంకె వెనక ఇంతమంది ఉంటారు.

పూర్తి పేపరు దొరకకపోతే ముందు పబ్‌మెడ్ సెంట్రల్‌లో చూడండి, చాలా పేపర్లు ఉచితంగా ఉంటాయి. ప్రభుత్వ విశ్వవిద్యాలయంలో, కాలేజీలో చదువుతున్నవాళ్లు 2025 జనవరిలో మొదలైన ‘వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్’ కింద వేల జర్నళ్లు తెరవవచ్చు. లైబ్రరీలో అడగండి. చాలామంది అడగక చదవలేకపోతున్నారు.

7. ఇప్పుడు ముందుకు వెళ్లండి

స్కాలర్‌లో పేపరు కింద ఉన్న ‘సైటెడ్ బై’ నొక్కండి. పైన ‘ఉటంకించిన వాటిలోనే వెతుకు’ అనే చిన్న గడి ఉంటుంది. అందులో టిక్ పెట్టి మీకు కావలసిన జబ్బు పేరు, మందు పేరు కొట్టండి. వేలల్లోంచి పదులకు వస్తారు. వాటిలో ఐదింటిని తెరిచి, మన పేపరు పేరు ఏ వాక్యంలో వచ్చిందో చూడండి. నేపథ్యంలో నలుగురితో కలిపి చెప్పారా, దాని పద్ధతినే వాడుకున్నారా, దానితో విభేదించారా? ఉటంకించడం అంటే మెచ్చుకోవడమే అనుకోకూడదు. తప్పని చెప్పడానికి ఉటంకించినా అంకె ఒకటే పెరుగుతుంది.

సీటీఎల్‌ఏ-4ను ఆపే మందు ఇపిలిముమాబ్. ముదిరిన మెలనోమా, అంటే ఒక రకం చర్మ క్యాన్సర్, ఉన్న 676 మంది మీద జరిగిన ట్రయల్ ఫలితం 2010లో ‘న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్’లో వచ్చింది. ఈ మందు తీసుకున్నవాళ్ల మధ్యస్థ జీవితకాలం దాదాపు 10 నెలలు, పోలికకు టీకా మాత్రమే తీసుకున్నవాళ్లది 6.4 నెలలు. మందుల వల్లే 14 మంది చనిపోయారనీ అదే పేపర్లో రాశారు. మరుసటి ఏడాది మార్చిలో అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ అనుమతి వచ్చింది. ఈ పేపరు సైటేషన్లు పదివేలు దాటాయి. మొదటి పేరు స్టీఫెన్ హోడీ. ఆలిసన్ పేరు అందులో లేదు!

ఆయన ఆలోచన మనుషుల్ని బతికించిందని చూపిన పేపరు ఆయన ఖాతాలో పడలేదు. ఎలుక నుంచి మనిషి దాకా 14 ఏళ్లు పట్టింది, ఆ దారిలో యాంటీబాడీ తయారు చేసిన కంపెనీలు, రోగులను చేర్చిన వైద్యులు, ఒప్పుకుని సూది చేయించుకున్న రోగులు ఉన్నారు. అంచనా వేసేటప్పుడు మనిషి పేరును వదిలి ఆలోచనను వెంబడించమని పిల్లలకు చెప్పేది ఇందుకే.

అదే నోబెల్‌ను 2018లో పంచుకున్న తసుకు హోంజో విషయం ఇంకా మంచి పాఠం. క్యోటోలో ఆయన బృందం 1992లో ‘ఎంబో జర్నల్’లో పీడీ-1 (ప్రోగ్రామ్డ్ డెత్-1) అనే అణువును బయటపెట్టింది. అది కణం చావుకు సంబంధించినదని అప్పట్లో భావించారు, అందుకే ఆ పేరులో ‘డెత్’ ఉంది. అసలు పని వేరని, ఇదీ ఒక బ్రేకేనని 1999లో ఎలుకల ప్రయోగాలతో ఆయన బృందమే చూపింది. 2014లో ఆ బ్రేకును ఆపే నివోలుమాబ్, పెంబ్రోలిజుమాబ్ మందులకు అనుమతులు వచ్చాయి. 1992లో ఆ పేపరుకు మార్కులేయమని ఎవరినైనా అడిగితే ఎన్ని వేసేవారు? కొత్త పేపర్లకు సైటేషన్లు లేవని చప్పరించే ముందు ఇది గుర్తుంచుకోండి.

8. రంగాన్ని బట్టి తూకం వేయండి

ఇమ్యునోథెరపీలో పనిచేసేవాళ్లు ఇప్పుడు చాలామంది, కాబట్టి సైటేషన్లూ ఎక్కువే. అరుదైన చిన్నపిల్లల క్యాన్సర్ మీద పనిచేసేవాళ్లకు అంత రావు. ఈ తేడాను సరిచేసే లెక్క అమెరికా ప్రభుత్వ వైద్య పరిశోధన సంస్థ ఎన్‌ఐహెచ్ వారి ‘ఐసైట్’ పేజీలో ఉచితంగా దొరుకుతుంది. పబ్‌మెడ్ నంబరు ఇస్తే రిలేటివ్ సైటేషన్ రేషియో చూపిస్తుంది. ఎన్‌ఐహెచ్ నిధులతో అదే రంగంలో వచ్చిన పేపర్ల నడిమి స్థాయిని 1గా పెట్టుకుని, దానికి ఎన్ని రెట్లు అని చెబుతుంది. మొత్తం అంకె కంటే ఇది నయం.

9. మచ్చలు చూడటం మరచిపోవద్దు

పేపరును ఉపసంహరించుకుంటే పబ్‌మెడ్ పేజీలోనే రాసి ఉంటుంది. రిట్రాక్షన్ వాచ్ డేటాబేస్‌లో పేరు కొట్టి చూడవచ్చు, పేపర్ల మీద చర్చ జరిగే పబ్‌పీర్‌ వెబ్‌సైట్‌లో బొమ్మల మీద వచ్చిన సందేహాలు చదవవచ్చు. సందేహం వచ్చినంత మాత్రాన దోషి కాదు, రచయిత ఏం జవాబిచ్చారో కూడా చదవండి. పేపరు చివర ఆర్థిక ప్రయోజనాల ప్రకటన ఉంటుంది. మందుల కంపెనీల నుంచి ఎవరికి ఏం అందిందో అక్కడ చెప్పాలి. ఈ రంగంలో అది ఖాళీగా ఉండటం అరుదు. దాచకుండా రాశారా అన్నదే చూడాల్సింది.

10. ఇంట్లో రోగి ఉంటే

సైటేషన్ల పేజీ మూసేసి ట్రయల్స్ పేజీ తెరవండి. మన దేశంలో ట్రయల్స్ నమోదయ్యే సీటీఆర్‌ఐ, అంతర్జాతీయంగా క్లినికల్‌ట్రయల్స్ డాట్ గవ్. జబ్బు పేరు కొట్టి, ‘రిక్రూటింగ్’ అని ఉన్నవే చూడండి. ఏ ఊళ్లో, ఏ ఆసుపత్రిలో, ఎవరిని చేర్చుకుంటారు, ఎవరిని చేర్చుకోరు అన్నవి అక్కడ ఉంటాయి. రక్త క్యాన్సర్లలో కొన్నింటికి కార్-టీ చికిత్స (రోగి టీ కణాలనే మార్చి తిరిగి ఎక్కించే పద్ధతి) కోసం విదేశాల వైపే చూడక్కర్లేదు. ఐఐటీ బాంబే, టాటా మెమోరియల్ పని నుంచి వచ్చిన నెక్స్‌కార్19కు 2023 అక్టోబరులో మన దేశంలో అనుమతి వచ్చింది.

మా తమ్ముడికి ఆ రాత్రి చివరికి నేను రాయించింది మూడు ప్రశ్నలు. గడ్డ ముక్క మీద పీడీ-ఎల్1 (పీడీ-1 బ్రేకును నొక్కే ప్రొటీన్) పరీక్ష చేశారా, ఎంత శాతం వచ్చింది? ఈజీఎఫ్ఆర్, ఏఎల్‌కే అనే జన్యువుల్లో మార్పులకు పరీక్ష చేశారా? ఆ మార్పులుంటే ఇమ్యునోథెరపీ కంటే ముందు మాత్రలు ఇవ్వాలా? అవి ఉన్నవాళ్లకు సాధారణంగా ఇమ్యునోథెరపీ ఒక్కటే ఇస్తే ఫలితం తక్కువ, ఆ మార్పు మీదే పనిచేసే మాత్రలు వేరే ఉన్నాయి. మర్నాడు పొద్దున వాళ్ల ఆంకాలజిస్టును అడిగాడు. మొదటి పరీక్ష అయింది, రెండోదానికి శాంపిల్ అప్పటికే ల్యాబ్‌కు వెళ్లిందట. “రిపోర్టు శుక్రవారం వస్తుందన్నారు అన్నయ్యా” అని మెసేజ్ పెట్టాడు.